72 దగ్గర దొరికిన తప్పు: తొమ్మిదో తరగతిలో కరణుల సూక్ష్మీకరణపై ఒక కేస్ స్టడీ

నేను నర్సంపేట దారిలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో గణితం చెబుతాను. ఈ కేసు మా తొమ్మిదో తరగతి అమ్మాయిది. ఇంట్లో వ్యవసాయం, ఎక్కువగా పత్తి. జూన్‌లో తొలకరి పడగానే ఇంటిల్లిపాదీ గింజలు పెట్టడానికి చేనుకు పోతారు కాబట్టి, బడి తెరిచిన మొదటి రోజుల్లో మా దగ్గర సగం బెంచీలు ఖాళీగానే ఉంటాయి. తొమ్మిదో తరగతి గణితంలో మొదటి అధ్యాయం వాస్తవ సంఖ్యలు. కరణులు (√2, √72 లాంటి, రూట్ పూర్తిగా పోని సంఖ్యలు), వాటి కూడికలు, హారాన్ని అకరణీయం చేయడం (హారంలో రూట్ లేకుండా మార్చడం), అన్నీ సరిగ్గా ఆ రోజుల్లోనే నడుస్తాయి. ఈ అమ్మాయి కూడా ఆ పాఠాలకు చాలావరకు లేదు.

అయినా వెనకబడ్డ పిల్ల కాదు. ఎక్కాలు ఇరవై దాకా గడగడా చెబుతుంది. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. హోంవర్క్ ఎగ్గొట్టదు. ఇలాంటి పిల్లల తప్పులే ఎక్కువ కాలం దాగి ఉంటాయని నా అభిప్రాయం. కొట్టివేతలతో నిండిన నోట్సును ఎవరైనా ఆగి చూస్తారు, నీటుగా ఉన్న నోట్సును పేజీలు తిప్పి మూసేస్తారు.

ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలో √72 + √18 ను సూక్ష్మీకరించమని ఇచ్చాను. ఆమె రాసింది ఇదీ:

√72 = 5√2
√18 = 3√2
5√2 + 3√2 = 8√2

రావలసింది 9√2. సజాతి కరణులను, అంటే రూట్ కింద ఒకే సంఖ్య ఉన్నవాటిని, కలపడం తెలుసు, √18 సరిగ్గా విప్పింది, ఒక్క √72 దగ్గర 6 బదులు 5 పడింది. స్టాఫ్ రూమ్‌లో ఒక సార్ పేపరు చూసి, "సిల్లీ మిస్టేక్, ఒక మార్కు కోసెయ్యండి" అన్నారు. మార్కు సంగతి సరే, 72 లోంచి 5 ఎలా వస్తుంది? కంగారులో 6 ను 5 గా రాసిందనుకోవచ్చు. కానీ పేజీ అంచున చిత్తు లెక్క ఉంది. నిలువు గీత గీసి, 72 ను భాగించుకుంటూ కిందికి దిగి 2, 2, 2, 3, 3 అని రాసింది. మొదటి రెండు 2ల చుట్టూ ఒక సున్నా చుట్టింది, రెండు 3ల చుట్టూ ఇంకొకటి. మిగిలిన 2 కింద గీత పెట్టింది. సున్నాల పక్కన 2, దాని కింద 3, ఆ కింద అడ్డగీత, గీత కింద 5. కూడిక లెక్క ఎలా వేస్తామో అచ్చం అలాగే వేసింది. కంగారు పడ్డ చేతి పని కాదది.

మర్నాడు పిలిచి, "72 ఎట్ల చేసినవో చెప్పు" అన్నాను. తడుముకోకుండా చెప్పింది: "రెండు రెండ్లు జత సార్, ఒక రెండు బయటికొస్తది. రెండు మూడ్లు జత, ఒక మూడు బయటికొస్తది. బయట మొత్తం ఐదు. లోపల రెండు మిగిలింది. ఐదు రూట్ రెండు."

జవాబులు రైటే

ఇది ఆమెకు ఒక పద్ధతి, ఎన్నో లెక్కలు చేసి చూసుకున్న పద్ధతి. హోంవర్క్ నోట్సు తెమ్మన్నాను. √12, √50, √48, √75, √80, √98, అన్నీ విప్పి ఉన్నాయి, అన్నీ సరైన జవాబులే. పుస్తకం వెనక జవాబులతో తనే సరిచూసుకుని పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంది. బయటికొచ్చినవాటిని కూడుతున్న పిల్లకు ఇన్ని జవాబులు ఎలా కుదిరాయి?

ఒక జతే ఉన్నచోట కూడడానికీ గుణించడానికీ ఏమీ లేదు. √12 లో 2ల జత ఒక్కటే, √50 లో 5ల జత ఒక్కటే, √98 లో 7ల జత ఒక్కటే. రెండు జతలున్న √48 చూడండి: 2, 2, 2, 2, 3. బయటికి 2, మళ్ళీ 2. కూడినా 4, గుణించినా 4. √80 లోనూ అదే కథ. √32, √96 లోనూ అంతే. కూడినా గుణించినా ఒకటే వచ్చే ధన పూర్ణాంకాల జత 2, 2 ఒక్కటే. మన పుస్తకాల్లో రెండు జతలున్న లెక్కలు ఎక్కువగా ఈ 2, 2 తోనే ఉంటాయి, ఎందుకంటే అవే చిన్న సంఖ్యలు.

ఆ సాయంత్రం కాగితం పెట్టుకుని నూరులోపు సంఖ్యలన్నీ సరిచూశాను. పరిపూర్ణ వర్గాలను పక్కన పెడితే, రూట్‌లోంచి ఏదో ఒకటి బయటికి తీయగలిగే సంఖ్యలు నూరులోపు 30 ఉన్నాయి: 8, 12, 18, 20, 24 అలా 99 దాకా. ఈ అమ్మాయి పద్ధతి వాటిలో 29 సంఖ్యలకు సరైన జవాబే ఇస్తుంది. పట్టించే సంఖ్య ఒక్క 72. నేను కూడిక లెక్కకు 72, 18 ఎంచుకున్నది రెండిటి లోపలా 2 మిగులుతుందని. 72 బదులు 50 ఇచ్చి ఉంటే ఆమె ఫుల్ మార్కులతో పదో తరగతికి వెళ్ళిపోయేది.

మరి పరిపూర్ణ వర్గాలో? 36 కు ఆమె పద్ధతిలో 2 + 3 = 5 రావాలి. 64 కు 6, 81 కు 6, 100 కు 7. వాటి దగ్గర ఎందుకు దొరకలేదంటే, అక్కడ ఈ పద్ధతిని వాడనే వాడదు. 36 అనగానే 6 నోటికి వస్తుంది.

గుణకారం గుర్తు ఎక్కడ పోయింది

ఎనిమిదో తరగతి నోట్సు కూడా తెప్పించాను. మా పిల్లల ఇళ్ళల్లో పాత నోట్సులు దొరకడం అరుదు, వీళ్ళమ్మ దాచిపెట్టింది. అందులో √324 ఇలా ఉంది: 324 = 2×2×3×3×3×3, కాబట్టి √324 = 2×3×3 = 18. తప్పు లేదు. ఏడాది కింద ఈ పిల్లకు గుణించాలని తెలుసు.

తేడా రాతలో ఉంది. ఎనిమిదిలో కారణాంకాలను ఒకే వరుసలో మధ్యన × పెట్టి రాసింది. తొమ్మిదిలో నిలువు గీత, సున్నాలు. భాగించుకుంటూ దిగేటప్పుడు అంకెల మధ్య ఏ గుర్తూ ఉండదు, ఒకదాని కింద ఒకటి ఉంటాయి. చిన్నప్పటి నుంచి ఒకదాని కింద ఒకటి ఉన్న అంకెలను ఏం చేయడం అలవాటు? కూడడమే.

ఆ షార్ట్‌కట్ ఎవరు నేర్పారని అడిగితే, "మా పెద్దబాపు కొడుకు, ఇంటర్ చదువుతుండు" అంది. పత్తి గింజల పని అయ్యాక బడికి వచ్చేసరికి పాఠం దాటిపోయింది, ఆ అన్న ఒక రాత్రి కూర్చోబెట్టి చూపించాడు. అతని తప్పేమీ లేదు. అతను మనసులో గుణించుకుని జవాబు రాస్తాడు, చెల్లె కంటికి కనిపించేది సున్నాలూ చివరి అంకే. చూపించినవి √12, √50, √48. మూడూ దాచిపెట్టేవే.

"జతకు ఒకటి బయటికి" అన్న మాట మన దగ్గర ప్రతి బడిలోనూ, ప్రతి ట్యూషన్‌లోనూ వినిపిస్తుంది. మాట మంచిదే, గుర్తుండిపోతుంది. అయితే అందులో సగమే ఉంది. బయటికొచ్చాక ఏం చేయాలో ఆ మాట చెప్పదు. సంచిలోంచి బయటికి తీసిన వస్తువులను ఎవరైనా కలిపి లెక్కపెడతారు, పిల్ల చేసిందీ అదే. అసలు సంగతి √(2×2×3×3×2) = √(2×2) × √(3×3) × √2. లబ్ధానికి వర్గమూలం అంటే వర్గమూలాల లబ్ధం. × గుర్తులు మొదటి నుంచి చివరిదాకా అలాగే ఉంటాయి. బయటికి రావడం అన్నది మన మాట వరసే గానీ అక్కడ ఏదీ ఎక్కడికీ పోవడం లేదు.

36 ముందు కూర్చోబెట్టి

సరైన పద్ధతి బోర్డు మీద మళ్ళీ చెబితే సరిపోదా అనిపించవచ్చు. సరిపోదు. ఆమె దగ్గర పని చేస్తున్న పద్ధతి ఉంది, టిక్కుల సాక్ష్యం ఉంది. నా మాట మీద గౌరవంతో తలూపి, ఇంటికెళ్ళి మళ్ళీ సున్నాలే చుడుతుంది. ఆ పద్ధతి తప్పని ఆమె పద్ధతే ఆమెకు చెప్పాలి.

"36 ను కూడా అట్లనే చెయ్యి" అన్నాను. 2, 2, 3, 3. రెండు సున్నాలు. 2, 3. ఐదు. పెన్ను ఆగింది. "ఆరు గదా సార్" అంది. "మరి ఐదొచ్చింది?" కాసేపు చూసి, "ఇది రూట్ పోయే నంబర్ సార్, దీనికి ఇట్ల చేయొద్దు. రూట్ పోనివాటికే ఇది" అంది.

ఈ ఒక్క మాట కోసమే ఆ కూర్చోబెట్టడం. ఆమె దృష్టిలో రెండు రకాల సంఖ్యలు, రెండు వేర్వేరు నియమాలు. 6 ఎక్కాల్లోంచి వస్తుంది, 5√2 సున్నాల్లోంచి వస్తుంది, ఈ రెండింటికీ చుట్టరికం లేదు. అంతకన్నా లోపల ఇంకో సంగతి ఉంది. 5√2 అంటే ఎంత అని అడిగితే, "ఎంత అంటే ఏంది సార్, అదే ఆన్సర్" అంది. √72 ఆమెకు ఒక సంఖ్య కాదు. రూట్ గుర్తు అంటే ఏదో చేయమని చెప్పే ఆజ్ఞ. కొలిస్తే ఇంత ఉంటుంది అనే ఊహే లేదు. ఆ ఊహ ఉన్న పిల్ల 5√2 దగ్గర తనంతట తానే ఆగేది.

కాబట్టి వరస మార్చాను. కారణాంకాలు పక్కన పెట్టి ముందు ఎంత అన్నదే పట్టుకున్నాం. 72 ఏ రెండు వర్గాల మధ్య ఉంది? 64, 81. అయితే √72 ఎక్కడుండాలి? 8కీ 9కీ మధ్య. √2 సుమారు 1.414. ఐదు రెట్లు 7.07. ఎనిమిది కూడా దాటలేదు. ఆరు రెట్లు 8.48.

7.07 రాగానే ఆమె చేసిన పని నాకు నచ్చింది. నా వైపు చూడలేదు. హోంవర్క్ నోట్సు తీసి √50 జవాబు వెతికింది. అక్కడా 5√2 ఉంది. "రెండిటికీ ఒకటే వచ్చింది" అని తనలో తాను అనుకుంది. 50, 72 వేరు సంఖ్యలు, వాటి వర్గమూలాలు ఒకటి కాలేవు. ఈ వాదన నేను సిద్ధం చేసుకున్నది కాదు, తనే తెచ్చుకుంది.

గీసి, కొలిచి

అంచనా ఒక్కటే చాలదు, చేతికి తగలాలి. గ్రాఫ్ నోట్సులో 6 సెం.మీ. భుజంతో చతురస్రం గీసి కర్ణం కొలవమన్నాను. స్కేలు మీద 8 సెం.మీ. 5 మి.మీ. పక్కనే 5 సెం.మీ. చతురస్రం: కర్ణం 7 సెం.మీ. పైన కొద్దిగా. పైథాగరస్ ప్రకారం మొదటి కర్ణం √(36 + 36), అంటే √72. రెండోది √50. ఇక 1 సెం.మీ. గడి కర్ణం √2. ఆరు సెం.మీ. చతురస్రంలో కర్ణం సరిగ్గా ఆరు గడుల మూలల మీదుగా పోతుంది, ఒక్కో గడిలో ఒక్కో √2. √72 = 6√2 కళ్ళెదుట ఉంది. వేలు పెట్టి లెక్కపెట్టుకుంది.

మధ్యలో ఇంకో తప్పు దొర్లింది. √(36 + 36) ను √36 + √36 = 12 అని రాసేసింది. క్లాసులో సగం మంది చేసే తప్పు ఇది, దీని కోసం వేరే పాఠం అక్కర్లేకపోయింది. స్కేలు 8.5 చూపిస్తోంది. 12 అంటే రెండు పక్కలు చుట్టూ తిరిగి పోయినంత దూరం. "అడ్డం పడి పోతే గంత దూరం ఎందుకుంటది" అని తనే కొట్టేసింది. చేను గట్ల మీద తిరిగే పిల్లకు అడ్డదారి దగ్గరని ఒకరు చెప్పాలా.

ఈ తప్పుకు రాతలో కూడా ఒక కారణం ఉంది. పిల్లలు రూట్ పైగీతను మొదటి అంకె మీద ఆపేస్తారు. √ గుర్తును 1525లో జర్మన్ గణితవేత్త క్రిస్టాఫ్ రుడాల్ఫ్ అచ్చులో వాడినప్పుడు దానికి పైగీత లేదు. 1637లో డెకార్ట్ ఆ గీతను జోడించాడు. ఎంతవరకు రూట్ కిందికి వస్తుందో చెప్పడమే దాని పని. మా క్లాసులో ఇప్పుడు గీత చివర కిందికి చిన్న కొక్కెం పెట్టి ఆపాలన్నది రూలు. చూడ్డానికి వింతగా ఉంటుంది గానీ పనిచేస్తోంది.

స్కేలు 8.5 అంటోంది, కాలిక్యులేటర్ 8.485 అంటోంది. తేడా ఎందుకని అడిగింది. మిల్లీమీటరులో భాగాలు మన స్కేలు చూపదు. అక్కడ ఒక పాత లెక్క చెప్పాను, 6 సెం.మీ. చతురస్రానికి అది అచ్చంగా అమరుతుంది. బౌధాయన శుల్బ సూత్రంలో చతురస్రపు కర్ణానికి ఇచ్చిన సూత్రం ఇది: భుజానికి దాని మూడో వంతు కలపాలి, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలపాలి, ఆ నాలుగో వంతులో 34వ వంతు తీసెయ్యాలి. 6 కు మూడో వంతు 2, మొత్తం 8. రెండులో నాలుగో వంతు 0.5, మొత్తం 8.5, అంటే మన స్కేలు చూపిన కొలత. 0.5 లో 34వ వంతు సుమారు 0.0147. తీసేస్తే 8.4853. యజ్ఞవేదికలు కొలవడానికి కట్టిన సూత్రం కాలిక్యులేటర్‌తో నాలుగు దశాంశాల దాకా కలుస్తుంది. క్లాసంతా ఇంకో భుజం ఇవ్వండని అడిగితే 12 ఇచ్చాను.

ఇరవయ్యారు గుంటలు

తర్వాత కారణాంకాలకు తిరిగి వచ్చాం. నిలువు గీత వద్దనలేదు. భాగించుకోవడానికి దాన్ని మించింది లేదు. ఒకే షరతు పెట్టాను: దిగడం అయిపోగానే అన్నిటినీ ఒక వరుసలో × పెట్టి రాయాలి, సున్నాలు ఆ వరుసలోనే చుట్టాలి. 3√12 లాంటివాటిలో ముందున్న 3 కూ × ఉండాలి: 3×2×√3. (అక్కడా ఆమె 3 + 2 చేసి 5√3 రాసిన లెక్క ఒకటి నోట్సులో దొరికింది. 2√12 మాత్రం సరిగ్గా వచ్చింది, మళ్ళీ ఆ 2, 2 వల్ల.) చివర జవాబును వర్గం చేసి చూడాలి. 6√2 వర్గం 36×2, అంటే 72. 5√2 వర్గం 50. అర నిమిషం పట్టే పని.

పెద్ద సంఖ్య ఒకటి కావాలి అనుకుంటుండగా, పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చిన వాళ్ళ నాన్న మాటల్లో అది దొరికింది. పొలం కొలతల మీద మాట నడిచి, "గుంటంటే ఇటు పదకొండు గజాలు, అటు పదకొండు గజాలు సార్" అన్నాడు. గుంట 121 చదరపు గజాలు. ఎకరానికి 40 గుంటలు, 4840 చదరపు గజాలు. మా పిల్లలకు ఈ లెక్క ఇంట్లోనే తెలుసు.

క్లాసులో అడిగాను: రెండు గుంటల జాగ చదరంగా ఉంటే ఒక పక్క ఎంత? ముక్తకంఠంతో 22 గజాలు. 22×22 = 484, అది నాలుగు గుంటలు. రెండు గుంటలకు √242, అంటే 11√2, పదిహేనున్నర గజాలు. ఎకరం చదరంగా ఉంటే? √4840. ఈ అమ్మాయిని బోర్డు దగ్గరికి పిలిచి, "పాత పద్ధతిలో ఒకసారి, కొత్త పద్ధతిలో ఒకసారి" అన్నాను. 4840 = 2×2×2×5×11×11. పాత పద్ధతిలో 2 + 11, 13√10. √10 సుమారు 3.16, కాబట్టి 41 గజాలు. కొత్త పద్ధతిలో 2×11, 22√10. అరవై తొమ్మిదిన్నర గజాలు.

13√10 వర్గం చేస్తే 1690 చదరపు గజాలు. దాన్ని 121 తో భాగించి బోర్డు ముందే నిలబడిపోయింది. దాదాపు 14. "ఎకరంల ఇరవయ్యారు గుంటలు ఎటు పాయె సార్?" అంది. క్లాసు ఘొల్లుమంది. వెనక బెంచీలోంచి ఎవరో "పక్కోడు కలుపుకున్నడు" అన్నారు.

అటు నుంచి ఇటు

ఇక సర్దుకుంది అనుకునే చోట మరోటి మొదలైంది. √72 + √18 మళ్ళీ ఇచ్చాను. 6√2 + 3√2 దాకా చక్కగా వచ్చి, 18√2 అని రాసింది. మొదట కూడక్కర్లేని చోట కూడిన పిల్ల, ఇప్పుడు కూడాల్సిన చోట గుణిస్తోంది. ఎఫ్ఏ పరీక్షలో సరిగ్గా చేసిన భాగమే ఇది. కొత్త నియమం బలంగా పడితే పక్కనున్న సరైన నియమం కూడా కొట్టుకుపోతుంది. చాలామంది పిల్లల్లో చూశాను. దీన్ని వెనకడుగు అనుకోను. ఏదీ కదలకపోతే ఇదీ కదలదు.

ఇక్కడ పని తేలిగ్గా తెమిలింది, గ్రాఫ్ నోట్సు ఎలాగూ ఉంది. ఆరు గడుల కర్ణం చివర నుంచి అదే వాలులో మూడు గడుల కర్ణం గీయమన్నాను. రెండూ కలిసి ఒకే సరళరేఖ, తొమ్మిది గడుల కర్ణం. 9√2, స్కేలు మీద 12 సెం.మీ. 7 మి.మీ. 18√2 అయితే 25 సెం.మీ. దాటుతుంది, ఆ పేజీలో పట్టనే పట్టదు. అదే చిత్రంతో √72 + √18 ను √90 అని రాసేవాళ్ళకూ జవాబు దొరికింది: √90 పదిలోపే ఉంది, ఇక్కడ పన్నెండున్నర దాటింది.

√2 + √3 మాత్రం ఇప్పటికీ ఆమెకు ఇబ్బందే. లెక్క పూర్తి కానట్టు ఉంటుందట. కలపగలిగేది లేనప్పుడు అలా వదిలేయడమే జవాబు అంటే ఒప్పుకుంటుంది గానీ, చివర ఏదో ఒకటి చేయాలని చెయ్యి లాగుతుంది. ఒకసారి √5 అని రాసి, పక్కన 1.414 + 1.732 = 3.146 అని వేసుకుని, √5 అంటే 2.236 అని చూసి కొట్టేసింది. కొట్టేసింది కాబట్టి నేను కలగజేసుకోలేదు.

హారాన్ని అకరణీయం చేయడం దగ్గర పెద్దగా ఆగలేదు. 1/√2 ను √2/2 గా ఎందుకు మార్చాలంటే, చేత్తో 1 ని 1.414 తో భాగించి చూడండి, తర్వాత 1.414 ను 2 తో భాగించండి అన్నాను. 0.707 ఎటు నుంచి హాయిగా వస్తుందో పిల్లలే చెప్పారు.

మిగతా క్లాసు, ప్రశ్నపత్రాలు

ఒక్క అమ్మాయిలో దొరికింది కదా అని క్లాసంతటికీ చిన్న స్లిప్ ఇచ్చాను: √72, √108, √162, √200. కూడే పద్ధతి వాళ్ళకు వరుసగా 5√2, 5√3, 6√2, 7√2 వస్తుంది. సరైనవి 6√2, 6√3, 9√2, 10√2. జవాబు చూడగానే ఎవరు ఏం చేశారో తెలిసిపోతుంది, చిత్తు లెక్క చూడనక్కర్లేదు. ఇంకొందరు బయటపడ్డారు, అందులో క్లాసులో ముందుండే అబ్బాయి ఒకడు. అతనికి 36 అడగగానే నవ్వొచ్చింది, అక్కడితో పోయింది. అందరికీ గ్రాఫ్ నోట్సు అక్కర్లేదు.

2√18 దగ్గర ఆగినవాళ్ళూ, 3√8 దగ్గర ఆగినవాళ్ళూ ఉన్నారు. ఇవి తప్పులు కావు, పూర్తికాని ఒప్పులు. వీటినీ 5√2 నీ ఒకే గాటన కట్టి సున్నా వేయడం నాకు అన్యాయం అనిపిస్తుంది. 2√18 రాసిన పిల్ల ఇంకో మెట్టు దిగాలి, 5√2 రాసిన పిల్లకు మెట్లే వేరు.

72 లో 36 ను చూసి ఒక్కసారిగా √36×√2 అని విప్పడం నేర్పాలా, జతల పద్ధతే ఉంచాలా అని తోటి ఉపాధ్యాయులు అడుగుతుంటారు. మొదటిది వేగం, పరీక్షలో సమయం మిగులుతుంది. కానీ 4840 లో 484 కనిపించాలంటే కన్ను అలవాటు పడి ఉండాలి. నేను జతలతో మొదలుపెడతాను, × తప్పనిసరి. పెద్ద వర్గం తమంతట తామే చూసే రోజు వస్తే అడ్డు చెప్పను. తొందరపెట్టి షార్ట్‌కట్ చేతికిస్తే ఏమవుతుందో ఈ కేసు మొదట్లోనే ఉంది.

పదో తరగతిలో

ఆ అమ్మాయి ఇప్పుడు పదిలో ఉంది. వర్గ సమీకరణాల్లో విచక్షణి (సూత్రంలో రూట్ కింద ఉండే b² − 4ac) 72 వచ్చే లెక్క ఒకటి కావాలనే ఇచ్చాను. (6 ± √72)/2 దాకా వచ్చింది. అంచున × లతో ఒక వరుస రాసింది, 6√2 అని తీసింది, చిన్న అక్షరాల్లో 36×2 = 72 అని సరిచూసుకుంది. ఆ తర్వాత 6 ను 2 తో కొట్టేసి 3 ± 6√2 అని ముగించింది. హారం రెండు పదాలనూ భాగించాలి, 3 ± 3√2 రావాలి. "6 కు 8.48 కలిపి సగం చెయ్యి" అన్నాను. 7.24. "నీది?" పదకొండున్నరకు దగ్గరగా. సరిదిద్దుకుంది.

ఈ తప్పు రూట్‌ది కాదు, భాగహారానిది. బాగా చదివేవాళ్ళూ చేస్తున్నారు. దీనికీ దాచిపెట్టే లెక్కలున్నాయి: (5 ± √13)/2 లో కొట్టేయడానికి ఏమీ లేదు, అక్కడ అందరూ రైటే. (4 ± √12)/2, (6 ± √72)/2, (9 ± √45)/3 లాంటివి పట్టిస్తాయి. వచ్చే స్లిప్‌కు వాటినే ఏరుతున్నాను.